పచ్చటి అంగారకుడు

నేను గ్రహాల బొమ్మలు వేస్తాను. సైన్స్ కథలు రాస్తాను. ఒక నవల కూడా అచ్చయింది. జంషెడ్‌పూర్‌లో ఎవరైనా ఏం చేస్తుంటావని అడిగినప్పుడు ఈ మాట చెబితే కాసేపు ఆగి, అది సరే, ఉద్యోగం ఎక్కడ అని అడుగుతారు. ఆదిత్యపూర్‌లో ఒక చిన్న ఫ్యాక్టరీలో యంత్రభాగాలకు కంప్యూటర్ మీద డ్రాయింగులు గీస్తానని చెబుతాను. అప్పుడు వాళ్ళ ముఖం తేటపడుతుంది. నాకూ ప్రాణం కుదుటపడుతుంది, ఎందుకంటే మాట అక్కడితో బొమ్మల మీద నుంచి జీతం మీదికి, జీతం మీద నుంచి ఎండల మీదికి వెళ్ళిపోతుంది. బొమ్మల దగ్గరే ఆగితే ఎవరో ఒకరు రంగుల గురించి అడుగుతారు.

నాకు రంగులు సరిగా తెలియవు. లోకమంతా నలుపు తెలుపుల్లో కనబడుతుందని కాదు. నీలం తెలుస్తుంది, పసుపు తెలుస్తుంది. ఎరుపూ, ఆకుపచ్చా, వాటి మధ్యలో ఉండే ఇటుక రంగూ, ఎండుటాకు రంగూ, తుప్పు రంగూ అన్నీ నా కంటికి ఒకే కుటుంబంలో అన్నదమ్ముల్లా ఉంటాయి. ఎవరు ఎవరో చెప్పలేను. సాయంత్రం కార్ఖానా వైపు ఇనుము తీశాక మిగిలే కరిగిన చిట్టెం ఒంపినప్పుడు ఆకాశం ఎర్రబడిందని స్నేహితులు చెయ్యి చూపించేవారు. ఔను, ఎంత ఎరుపో అనేవాణ్ణి. నాకు కనబడింది వెలుగు మాత్రమే.

ఈ సంగతి నాకు పందొమ్మిదో ఏట తెలిసింది. మా నాన్న ఇక్కడి ఉక్కు కంపెనీలో క్రేన్ ఆపరేటర్. అక్కడ అప్రెంటిస్‌గా చేరడానికి రాత పరీక్ష రాసి పాసయ్యాను. ఇక వైద్య పరీక్ష ఒకటి మిగిలింది. ఎత్తు చూశారు, ఛాతీ కొలిచారు, దూరంగా ఉన్న అక్షరాలు చదివించారు. చివర్లో డాక్టరు చుక్కల బొమ్మలున్న పుస్తకం ఒకటి తెరిచి, ఇందులో ఏ అంకె కనబడుతోందని హిందీలో అడిగాడు. నాకు చుక్కలు తప్ప ఏమీ కనబడలేదు. ఎనిమిది అన్నాను. పేజీ తిప్పాడు. మూడు అన్నాను. ఇంకో రెండు పేజీలు తిప్పి పుస్తకం మూసేసి, బయట కూర్చున్న మా నాన్నను లోపలికి పిలిచాడు. తల్లి తరఫున ఎవరికైనా ఈ లోపం ఉందా అని అడిగాడు. తనకు తెలియదన్నాడు నాన్న.

మా ఇల్లు భుయ్యాడీహ్‌లో, స్కూటరు మీద తిరిగొచ్చాం. ఇంటికొచ్చేసరికి అమ్మ గడప దగ్గర కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. నాన్న చెప్పులు విప్పకుండానే చెప్పాడు.

"ఈడికి రంగులు తెలవవంట. మీ వైపునుంచి వచ్చిందంట."

అమ్మ తల ఎత్తలేదు. చేట్లో చెయ్యి మాత్రం ఆగిపోయింది.

"మా తమ్ముడికీ ఇదే" అంది.

"మరి సెప్పలేదేటి ఇన్నాళ్ళూ?"

"ఎవులడిగినారు?"

మా మేనమామ రైల్వేలో ఇంజను నడిపే పనికి ఎంపికై, తర్వాత ఎందుకో గూడ్సు ఆఫీసులో గుమస్తాగా మిగిలిపోయాడు. ఎందుకో అన్నది ఆ రోజు నాకు అర్థమైంది. తాతగారింట్లో ఎప్పుడూ దాని గురించి మాట్లాడుకోకపోవడం కూడా అర్థమైంది.

ఆ సాయంత్రమే అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి, ఎవరితోనూ అనొద్దని చెప్పింది. నాన్నతో, వాడికి కంపెనీ పని ఇష్టం లేక మానేశాడని చెబుదామంది. నాన్న ఒప్పుకున్నాడు. ఆ విధంగా మా వీధిలో నేను కంపెనీ ఉద్యోగాన్ని కాలదన్నుకున్న పొగరుబోతునయ్యాను. పక్కింటి పెద్దాయన నన్ను ఆపి, మీ నాన్న క్రేన్ మీద కూర్చుని వీపు విరగ్గొట్టుకుంటుంటే నీకు పని ఇష్టం లేదా అని చీవాట్లు పెట్టాడు. తల వంచుకుని విన్నాను. నిజం చెప్పడం కంటే ఆ తిట్లే నయమనిపించింది. నాన్న ఆ విషయం మళ్ళీ ఎత్తలేదు. పోయేదాకా ఎత్తలేదు.

డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు చేశాను. తెల్ల కాగితం మీద నల్ల గీతల పని అది, అందులో నన్ను పట్టుకోగలిగేది ఏదీ లేదు. ఆ రోజుల్లోనే పెన్సిల్‌తో చంద్రుణ్ణి గీయడం మొదలుపెట్టాను. చందమామ మీద బూడిద, నీడ, ఎండ. ఇంకేమీ ఉండవు. అక్కడి గుంటల అంచుల మీద నీడ ఎలా పడుతుందో పుస్తకాలు చూసి లెక్కవేసి గీసేవాణ్ణి. ఆ నేల మీద అందరి కళ్ళూ నా కళ్ళలాగే పనిచేస్తాయి కదా అనుకునేవాణ్ణి. అక్కడ చిక్కుకుపోయిన ఒక మనిషి గురించి కథ రాసి, బొమ్మతో సహా ఒక తెలుగు పత్రికకు పంపితే రెండూ వేశారు. తర్వాత ఇంకో కథ. ఆ తర్వాత సంపాదకుడు ఫోన్ చేసి, శనిగ్రహం మీద ఒక ముఖచిత్రం కావాలి, రంగుల్లో, అన్నాడు.

అక్కడే కాదనవలసింది. సరే అన్నాను.

కంప్యూటర్‌లో ప్రతి రంగుకూ ఒక సంఖ్య ఉంటుంది. అంతరిక్ష నౌకలు పంపిన ఫొటోల్లో ఏ చోట ఏ సంఖ్య ఉందో చూసుకుని, దాన్నే నా బొమ్మలో వాడేవాణ్ణి. శని వలయాలకు ఇది, బృహస్పతి మీది పెద్ద మచ్చకు ఇది, అంగారకుడి ఆకాశానికి ఇది. అందరికీ నచ్చాయి. మీ రంగుల్లో ఎంత సంయమనం ఉందో అని ఒకాయన ఉత్తరంలో మెచ్చుకున్నాడు. చదివినప్పుడు సంతోషం కలగలేదు. పరీక్షలో పక్కవాడి కాగితం చూసి రాసినవాడికి మార్కులొస్తే ఎలా ఉంటుందో అలా ఉంది.

పెళ్ళికి ముందు మా ఆవిడకు చెప్పాను. ఆమె ఇక్కడి తెలుగు కుటుంబంలోని అమ్మాయే, స్కూల్లో టీచరు. బిష్టుపూర్‌లో ఒక హోటల్లో టీ తాగుతూ చెప్పాను. ఆమె తన చున్నీ చూపించి ఇదేం రంగని అడిగింది. చెప్పాను. తప్పు. నవ్వి, అయితే బట్టలు నేనే కొంటాను అంది. అంత తేలిగ్గా తీసుకుంది. కానీ మీ ఇంట్లో చెప్పకు అని నేను బతిమాలాను. ఆమె ముఖంలో నవ్వు పోయింది. చెప్పలేదు పాపం. నా మూలంగా తన తల్లిదండ్రుల దగ్గర ఆమెకూ ఒక దాపరికం ఏర్పడింది.

నవల తర్వాత వచ్చింది. బృహస్పతి చంద్రుల్లో ఒకదాని మీద, మంచు కింద ఇనుము కరిగించే ఒక ఊరి కథ. అక్కడి జనం ఈ ఊరి జనమే. షిఫ్టు మార్చుకుంటారు, క్యాంటీన్ కూర గురించి గొణుగుతారు, సైరన్ కూతను బట్టి వంట మొదలుపెడతారు. చదివిన ఒకాయన రాజమండ్రి నుంచి ఫోన్ చేశాడు. నవల బాగుంది, కానీ మీరు చిత్రకారులు కదా, ఇన్ని పేజీల్లో ఒక్క రంగు పేరు కూడా లేదేమిటండీ అన్నాడు. మంచు కింద చీకటి కదండీ అన్నాను. ఆయన ఓహో అని, ఆ ఆలోచన ఎంత గొప్పదో కాసేపు చెప్పాడు. ఫోన్ పెట్టేశాక నవల తీసి చూసుకున్నాను. నిజమే. నాకు తెలియకుండానే అలా రాశాను.

రెండేళ్ళ కిందట మా ఆవిడ పనిచేసే స్కూల్లో కాదు గానీ, ఊళ్ళోనే ఇంకో స్కూల్లో పిల్లల కోసం అంతరిక్షం గది ఒకటి పెట్టాలనుకున్నారు. ఒక గోడ మొత్తం అంగారక గ్రహం నేల కావాలన్నారు ప్రిన్సిపాల్ మేడమ్. నా ముఖచిత్రాలు చూశారట. కంప్యూటర్‌లో చేసి అచ్చు తీయించి అంటించవచ్చని చెబితే, పిల్లలకు చేత్తో వేసిన బొమ్మ ముద్దొస్తుంది కదా అన్నారు. మళ్ళీ సరే అన్నాను.

తెల్ల గోడరంగు డబ్బాలూ, అందులో కలపడానికి చిన్న చిన్న రంగు సీసాలూ కొన్నాను. సీసాల మీద పేర్లుంటాయి కాబట్టి భయం లేదు. నేలకు ఇటుక ఎరుపు, కొంచెం పసుపు మట్టి. ఒక మూల గాజు గుమ్మటంలో మనుషులు పెంచుకునే మొక్కలకు ఆకుపచ్చ. శనివారం ఆకాశం, దూరపు కొండలు పూర్తి చేశాను. చేతుల తడికి, కారిన రంగుకు సీసాల మీది కాగితాలు నానిపోయి ఊడొచ్చేశాయి. ఎడమ చివరది ఎరుపు, పక్కది ఆకుపచ్చ అని గుర్తుపెట్టుకుని ఇంటికి వెళ్ళాను. మా ఆవిడ అప్పుడు పుట్టింట్లో ఉంది.

ఆదివారం వెళ్ళేసరికి స్కూల్లో ఊడ్చే అక్క గది తుడిచి, సీసాలన్నీ కడిగి కిటికీ మీద వరసగా పెట్టింది. ఏది ఏదో నాకు తెలియలేదు. ఆమె అక్కడే ఉంది, బకెట్ పట్టుకుని. ఇందులో ఎరుపు ఏది అని అడిగితే సరిపోయేది. నోటిదాకా వచ్చింది. గ్రహాల బొమ్మలు వేసే పెద్దమనిషి, ఎరుపు ఏదని ఊడ్చే మనిషిని అడగడమా? ఆమె వెళ్ళి టీచర్లతో చెబితే? అడగలేదు. ఎండలో పెట్టి చూశాను, కిటికీ వెలుగులో తిప్పి చూశాను. కాస్త ముదురుగా ఉన్నదే ఎరుపని నిర్ణయించుకున్నాను. ఆమె బకెట్ తీసుకుని వెళ్ళిపోయింది. సాయంత్రం దాకా ఒక్కణ్ణే గోడ నింపాను. వెనక్కి వెళ్ళి చూస్తే రాళ్ళు, ఇసుక తిన్నెలు, పొడుగు నీడలు నేను ఊహించినట్టే ఉన్నాయి. ఎంతో తృప్తిగా ఇంటికెళ్ళాను. గోడ మీద పెద్ద తెర కట్టి వెళ్ళాను కాబట్టి మధ్యలో ఎవరూ చూడలేదు.

ప్రారంభోత్సవానికి అమ్మను తీసుకెళ్ళాను. మా ఆవిడ నేరుగా వచ్చింది. ముందు వరసలో కూర్చోబెట్టారు. తెర లాగారు. చప్పట్లు మొదలై మధ్యలో ఆగిపోయాయి. వెనక వరసల్లో పిల్లలు కిసకిసలాడారు. మా ఆవిడ వంక చూస్తే ఆమె కళ్ళు నా మీదే ఉన్నాయి. ఆ చూపు చూసి తెలుసుకున్నాను. ప్రిన్సిపాల్ మేడమ్ మెల్లగా, "సర్, యే మంగళ్ గ్రహ్ హీ హై న?" అన్నారు. ఇది అంగారకుడే కదా అని.

నేను నోరు తెరిచేలోపు ముఖ్య అతిథి మైకు అందుకున్నారు. రిటైరైన ఇంజనీరు, మంచివాడు. ఈ చిత్రకారుడు ఇవాళ్టి ఎర్ర గ్రహాన్ని వేయలేదు, మనిషి వెళ్ళి పచ్చిక పెంచుకున్నాక ఎలా ఉంటుందో ఆ రేపటి గ్రహాన్ని వేశాడు, ఆ దూరదృష్టి చూడండి అన్నారు. హాలంతా చప్పట్లు. ఈసారి ఆగలేదు. తర్వాత మైకు నాకిచ్చారు.

నేను ఔనన్నాను. అదే నా ఉద్దేశమన్నాను. అంతటితో ఆగకుండా, నా కొత్త నవల కూడా దాని మీదేనని చెప్పాను. అలాంటి నవల ఏదీ లేదు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆ అబద్ధం నాకే రుచిగా తగిలింది. ముందు వరసలో అమ్మ చీర చెంగు వేళ్ళకు చుట్టుకుంటూ నేల చూస్తోంది.

తిరుగు ప్రయాణంలో ఆటోలో చాలాసేపటికి అమ్మే మాట్లాడింది.

"అది గెడ్డి రంగు. తెలిసే ఏసినావేటి?"

"తెలిసే ఏసినానమ్మా."

"నాకాడ కూడానా" అంది.

మర్నాడు హిందీ పేపర్లో బొమ్మతో సహా వార్త వచ్చింది. ఫ్యాక్టరీలో అందరూ కంగ్రాట్స్ చెప్పారు. ఇంకో స్కూలు వాళ్ళు తమకూ పచ్చటి అంగారకుడే కావాలని ఫోన్ చేశారు. ఆ పొగడ్తలకు ముఖం నవ్వుతూనే ఉండేది. మా ఆవిడ ఒక్కసారి మాత్రం, నువ్వు చెబుతావా, చెప్పవా అని అడిగింది. చూద్దాం అన్నాను.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం అమ్మ ఒక్కతే ఆటో మాట్లాడుకుని స్కూలుకెళ్ళింది. నలభై ఏళ్ళు ఈ ఊళ్ళో ఉన్నా ఆమె హిందీ కూరగాయల బజారుకు సరిపోయేంతే. ఆ హిందీతోనే ప్రిన్సిపాల్ గదిలో నిలబడి, నా కొడుక్కి రంగులు కనబడవు, అది నా వైపు నుంచి వచ్చింది, వాడి తప్పేం లేదు, గోడ మళ్ళీ వేయనివ్వండి అని చెప్పిందట. ఇదంతా నాకు మేడమ్ ఫోన్‌లో చెప్పారు. ఆదిత్యపూర్‌లో పనిలో ఉన్నాను. ఆమె ఎంతో మర్యాదగా మాట్లాడుతున్నారు. నాకు మాత్రం నడిరోడ్డు మీద బట్టలు ఊడదీసినట్టుంది. ఫోన్ పెట్టేసి గేటు బయటికొచ్చి, లారీలు పోతుంటే గోడ పక్కన నిలబడిపోయాను.

ఇంటికెళ్ళి అరిచాను. అమ్మ మీద అంతకుముందు ఎప్పుడూ అంత గొంతు లేపలేదు.

"నిన్నెవులు సెప్పమన్నారు? సెప్పొద్దన్నదీ నువ్వే గదా."

అమ్మ నన్ను అరవనిచ్చింది. తర్వాత మంచం మీద కూర్చుని చెప్పింది.

"నీకోసమని సెప్పొద్దన్నాననుకున్నావా? నన్నంటారని. నా పుట్టింటి రోగం తెచ్చి ఈ ఇంట్లో ఎట్టినానంటారని. అందుకే నీ నోరు మూయించినాను. ఆ దినం మైకట్టుకుని నువ్వలా మాటాడతంటే సూడలేకపోనాను. ఆ అబద్ధం నాదే."

ఇన్నాళ్ళూ ఆ సిగ్గు నా ఒక్కడి సొంతమనుకున్నాను. ఒకే ఇంట్లో, ఒకే కంచాల్లో తింటూ, అదే సిగ్గును ఆమె నాకంటే ముందునుంచీ మోస్తోందని ఒక్కసారైనా ఆలోచించలేదు. అరిచినందుకు క్షమించమని అడగాలనిపించింది. అడగలేక మంచినీళ్ళు తెచ్చిచ్చాను.

సెలవుల్లో గోడ మళ్ళీ వేశాం. ముందు తెల్లరంగు పూసి నా పచ్చిక మొత్తం కప్పేశాను. అమ్మ వస్తానంది. ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని గోడకు ఎదురుగా కూర్చుంది. ఊడ్చే అక్కను పిలిచి, ఈసారి ఎరుపు సీసా ఏదని అడిగాను. ఆమె నా ముఖం కూడా చూడకుండా తీసి చేతికిచ్చి, తుడుపుగుడ్డ వెతుక్కుంటూ వెళ్ళిపోయింది. అంతే. ఆ అంతే నన్ను ఆ రోజంతా కుదిపేసింది.

నేను కలిపి చూపిస్తుంటే అమ్మ చెబుతోంది. ఇది ఇటిక రంగొచ్చింది. ఇది ఎక్కువైంది, కుంకమలాగైపోనాది. కొండకాడ మిరప్పండు రంగు తగ్గించు. అక్కడ పచ్చి తమలపాకు, ఇక్కడ ముదురాకు. ఎడతెగకుండా రంగుల పేర్లు వస్తున్నాయి ఆమె నోట్లోంచి. వింటూ వింటూ నాకొకటి తట్టింది. మా ఇంట్లో ఆమె నోట రంగు పేరు విన్న జ్ఞాపకమే లేదు. ఆ తలుపు పక్కన తగిలించిన చీర అంటుంది, పండిన టమాటాలు మెత్తగా ఉంటాయి చూసి తే అంటుంది, పెద్ద మూత డబ్బా అంటుంది. కుంచె ఆపి అడిగాను.

"నీ ముందు అనకూడదనుకున్నానురా" అంది. "అలా అలవాటైపోనాది."

నేను గోడవైపు తిరిగిపోయాను. కళ్ళు తుడుచుకోవడానికి కుంచె ఉన్న చెయ్యి ఎత్తితే చెంప మీద రంగు పడింది. అదేం రంగో ఆమె చెప్పలేదు, నేనూ అడగలేదు.

గోడ ఈసారి అందరికీ అంగారకుడిలాగే కనబడిందట. మళ్ళీ తెర లాగడాలు, ఉపన్యాసాలు ఏమీ పెట్టలేదు. పేపర్లో ముందు వచ్చిన వార్త అలాగే ఉండిపోయింది. పచ్చటి గ్రహం కావాలన్న రెండో స్కూలుకు ఫోన్ చేసి నిజం చెప్పాను. తర్వాత మేమే చెబుతాం సార్ అన్నారు. చెప్పలేదు. పత్రిక సంపాదకుడికి కూడా చెప్పాను. ఆయన బాధపడ్డాడు, ధైర్యం చెప్పాడు. ఆ తర్వాత నా దగ్గరికి నలుపు తెలుపు బొమ్మలే వస్తున్నాయి. సంఖ్యలు చూసి వేసిన పాత ముఖచిత్రాల్లో ఒక్క తప్పూ లేదని ఆయనకు గుర్తు చేయాలనిపిస్తుంది. ఇంకా చేయలేదు. మా ఆవిడ మాత్రం వాళ్ళ నాన్నకు చెప్పేసింది. ఆయన విని, అల్లుడు స్కూటరు నడిపేటప్పుడు సిగ్నల్ దగ్గర ఏం చేస్తాడమ్మా అని మాత్రం అడిగాడట. పైది వెలిగితే ఆగుతాడు నాన్నా అందట.

మొన్న ఆ స్కూల్లో అంతరిక్షం గదిలో పిల్లలతో మాట్లాడమని పిలిచారు. మేడమ్ ముందే వాళ్ళకు అంతా చెప్పి ఉంచారు, అది నాకు తెలియదు. రెండో వరసలో ఒక అమ్మాయి లేచి, మీకు ఈ గోడ ఏ రంగులో కనబడుతుంది సర్ అని హిందీలో అడిగింది. చెవులు వేడెక్కిపోయాయి. పక్కన టీచర్లున్నారు. గోడవైపు తిరిగి కాసేపు చూసి, మీకు ఏ రంగులో కనబడుతుందో నాకు తెలియదు కాబట్టి తేడా చెప్పలేనన్నాను. ఎండు గడ్డి మీద సాయంత్రపు ఎండ పడితే ఎలా ఉంటుందో నాకు ఇది అలా ఉంటుందన్నాను. ఆ అమ్మాయి తల పక్కకు వంచి, కళ్ళు సగం మూసి, గోడను అలా చూడటానికి ప్రయత్నించింది. చెవుల వేడి తగ్గలేదు. ఇంకెవరైనా అడుగుతారా అన్నాను. చాలా చేతులు లేచాయి.